గాడిలో పాట, గాలిలో పేరు

ఒక గ్రామఫోను ప్లేటు అరుదైనదని చెప్పుకుంటున్నామంటే, ఆ పాట వినవలసినవాళ్ల చెవిన పడలేదని ఒప్పుకుంటున్నట్టే. నల్లవాళ్ల సోల్ సంగీతం ప్లేట్లు ఏరుకుంటూ అమెరికాలో నా వయసులో సగానికి పైగా గడిచిపోయింది. ఇన్నేళ్లలో నాకు గట్టిగా తేలిన సంగతి ఇదొక్కటే. బాగా అమ్ముడైన పాట ఎక్కడైనా దొరుకుతుంది. అరెథా ఫ్రాంక్లిన్ ప్లేట్లూ, ఓటిస్ రెడింగ్ ప్లేట్లూ ఈనాటికీ పాత సామాన్ల కొట్లలో పెట్టెల కొద్దీ కనిపిస్తాయి. దొరకనిది అప్పట్లో ఎవరూ కొననిది. కొనకపోవడానికి కారణం చాలాసార్లు పాటలో లేదు, రేడియోలో ఉంది. రేడియో ఎత్తుకోని పాటకు ఆ రోజుల్లో దిక్కులేదు.

అందుకే వేలం ధరలు చదివినప్పుడు నాకు ముందుగా ఆ పాడిన మనిషి గుర్తుకొస్తాడు. ప్లేట్లు సేకరించేవాళ్లందరూ చెప్పుకునే కథ ఫ్రాంక్ విల్సన్‌ది. 1965లో ఆయన మోటౌన్ అనే రికార్డుల సంస్థకు 'డూ ఐ లవ్ యూ' అనే పాట పాడారు. సంస్థ వారి 'సోల్' లేబుల్ మీద నమూనా ప్రతులు అచ్చయ్యాయి. పాడతావా, పాటలు తయారుచేసే ప్రొడ్యూసర్‌గా ఉంటావా, ఏదో ఒకటి తేల్చుకోమని సంస్థ అధిపతి బెర్రీ గోర్డీ అడిగితే విల్సన్ రెండో దారి ఎంచుకున్నారని చెబుతారు. పాట విడుదల కాలేదు. ప్రతుల్ని నాశనం చేశారు. వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలాయి. వాటిలో ఒకటి 2009లో పాతిక వేల పౌండ్లు దాటింది. 2020లో ఒకటి లక్ష పౌండ్లకు చేతులు మారిందని పత్రికలు రాశాయి. విల్సన్ తర్వాతి కాలంలో సుప్రీమ్స్ బృందానికీ, ఎడ్డీ కెండ్రిక్స్ అనే గాయకుడికీ పెద్ద పాటలు తయారుచేసి పేరు తెచ్చుకున్నారు, 2012లో కాలం చేశారు. ఆయన జీవితం వృథా పోలేదు. కానీ పడుచు వయసులో అంత ఉత్సాహంగా పాడిన ఆ రెండున్నర నిమిషాల గొంతు, పాడిన ఏడాది ఏ ఊళ్లోనూ ఏ కారు రేడియోలోనూ మోగలేదు. లక్ష పౌండ్లు ఆ లోటును పూడ్చలేవు.

ఆ రోజుల్లో పాట ఎలా నడిచేదో చెబితే గానీ ఈ బాధ అర్థం కాదు. 1949లో ఆర్‌సీఏ కంపెనీ ఏడంగుళాల చిన్న ప్లేటు తెచ్చింది. నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది, మధ్యలో అంగుళంన్నర బెజ్జం, ఈ వైపొక పాట, ఆ వైపొక పాట. దీని ఖర్చు తక్కువ. దాంతో పాట అచ్చు వేయించడం పెద్ద కంపెనీల చేతుల్లోంచి కొంత జారింది. డెట్రాయిట్, షికాగో, మెంఫిస్, ఒహాయోలోని కొలంబస్ లాంటి ఊళ్లలో చర్చిలో పాడేవాళ్లూ, కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చినవాళ్లూ నలుగురు కూడి, తలా కొంత వేసుకుని స్టూడియో అద్దెకు తీసుకునేవారు. కొన్ని వందల ప్రతులు అచ్చయ్యేవి. వాటిని కారు డిక్కీలో వేసుకుని, రేడియో వాళ్ల కోసం తెల్ల లేబుల్ అంటించిన నమూనా ప్రతులు చేతపట్టుకుని, స్టేషన్ల గుమ్మాలెక్కేవారు.

అక్కడ టర్న్‌టేబుల్ ముందు కూర్చున్న మనిషి మనసు పడితే ఆ సాయంత్రం పాట మోగుతుంది. మర్నాడు పిల్లలు కొట్టుకెళ్లి ఆ పాట కావాలంటారు. కొట్టువాడు పంపిణీదారును అడుగుతాడు, పంపిణీదారు లేబుల్‌వాళ్లను అడుగుతాడు, వాళ్లు ఇంకో వెయ్యి అచ్చు వేయిస్తారు. ఆ మనిషి మనసు పడకపోతే డిక్కీలో పెట్టెలు డిక్కీలోనే ఉంటాయి. మనసు పడటానికి డబ్బు పుచ్చుకునేవాళ్లూ ఉండేవారు. దాన్ని 'పేయోలా' అనేవారు. 1959, 60లలో అమెరికా కాంగ్రెస్ దాని మీద విచారణ జరిపింది. పైకం ఇవ్వగలిగిన కంపెనీలు దాని మీద చట్టం వచ్చాక కూడా ఏవో దారులు వెతుక్కున్నాయి, ఇవ్వలేనివాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. పాట ఆడినా చిన్న లేబుల్‌కు గండం తప్పేది కాదు. అచ్చు వేసే ప్లాంటుకు ముందే డబ్బు కట్టాలి, పంపిణీదారు మాత్రం నెలలు గడిచాక ఇస్తాడు, ఒక్కోసారి ఇవ్వనే ఇవ్వడు. ఒక్క పాట జనంలోకి వెళ్లడంతోనే అప్పుల్లో మునిగి మూతపడిన లేబుళ్లున్నాయి.

పదార్థం సంగతి కూడా చెప్పాలి. కొన్ని ప్లాంట్లు వినైల్‌కు బదులు స్టైరీన్ అనే పెళుసు ప్లాస్టిక్‌తో ప్లేట్లు పోసేవి. ముల్లు కొంచెం మొద్దుబారినదైతే చాలు, గాడి అరిగి పాట కంటే గరగర ముందు వినిపిస్తుంది. అంటే, కొద్దిమంది కొన్నారనుకున్నా, ఇష్టంగా మళ్లీమళ్లీ విన్న ప్రతులే ముందు పాడైపోయాయి. ప్రేమించినవాళ్ల ఇళ్లలో పోయి, పట్టించుకోనివాళ్ల అటకల మీద మిగిలాయి. నేను కొన్న మచ్చలేని ప్రతుల్లో చాలా భాగం ఎవరూ వినకపోవడం వల్ల అలా ఉన్నవే.

ఇక రేడియో. ఆ కాలపు అమెరికాలో బస్సులో సీటు వేరు, హోటల్లో బల్ల వేరు, నల్లవాళ్ల పాటలకు దుకాణంలో అర వేరు. గాలికి మాత్రం గోడలు కట్టలేకపోయారు. మెంఫిస్‌లో డబ్ల్యూడీఐఏ అనే స్టేషన్ యజమానులు తెల్లవాళ్లే. 1948లో వాళ్లు నాట్ డి. విలియమ్స్ అనే నల్లజాతి బడిపంతులుకు మైకు అప్పగించారు. ఏడాది తిరిగేసరికి స్టేషన్ అంతా నల్లవాళ్ల కార్యక్రమాలే. 1954కు అది 50,000 వాట్లకు పెరిగింది. రూఫస్ థామస్, బి.బి. కింగ్ ఆ మైకు ముందు పనిచేసినవాళ్లే. అట్లాంటాలో 1949లో జెస్సీ బ్లేటన్ అనే అకౌంటెంటు డబ్ల్యూఈఆర్‌డీ స్టేషన్‌ను కొన్నారు. దేశంలో నల్లవాళ్లు సొంతంగా నడిపిన తొలి స్టేషన్ అది. అది ఉన్న ఆబర్న్ అవెన్యూ భవనంలోనే తర్వాత మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ కార్యాలయం కూడా వెలిసింది. షికాగోలో 1963లో చెస్ సోదరులు డబ్ల్యూవీఓఎన్ మొదలుపెట్టారు. చిన్న స్టేషనే, కానీ ఆ నగరం దక్షిణ భాగంలో దాన్ని పెట్టని ఇల్లు అరుదు.

నేను అట్లాంటాకు చదువుకోవడానికి వచ్చింది 1970లో. సావాసం లేని గదిలో రాత్రిపూట తోడు ఒక సెకండ్‌హ్యాండు ట్రాన్సిస్టర్. చీకటి పడ్డాక ముల్లు 1510 దగ్గరికి జరిపితే నాష్‌విల్ నుంచి డబ్ల్యూఎల్ఏసీ వినిపించేది. పగలు ఆ దూరానికి అందని స్టేషన్ రాత్రి ఎందుకు అందుతుందో మాకు క్లాసులో చెప్పారు. భూమికి అరవై నుంచి తొంభై కిలోమీటర్ల ఎత్తున సూర్యుడి ఎండకు ఏర్పడే ఒక పొర మీడియం వేవ్ తరంగాలను పగలంతా మింగేస్తుంది. పొద్దు గూకగానే ఆ పొర కరిగిపోతుంది. తరంగాలు ఇంకా పైకి వెళ్లి, పైపొరలకు తగిలి, వందల మైళ్ల అవతల నేలకు దిగుతాయి. ఆ పాఠం నేను పరీక్ష కోసం చదవలేదు. 50,000 వాట్ల ఆ స్టేషన్ జార్జియా, అలబామా, కరొలైనా పల్లెలు దాటి కరీబియన్ దీవుల దాకా, ఉత్తరాన కెనడా దాకా వినిపించేది. ఒకే రాత్రి ఒకే పాటను పత్తిచేల మధ్య ఇంట్లోనూ, హైవే మీద లారీలోనూ, తెల్లవాళ్ల పిల్లల దిండు కిందా విన్నారు. అంతకు ముందు కాలపు చట్టాలు కలవనివ్వని చెవులు అక్కడ కలిశాయి.

దూరపు రేడియో నాకు కొత్త కాదు. మా కృష్ణా జిల్లాలో మా నాన్నగారి తరం రేడియో సిలోనుకు అలవాటు పడింది. 1952 నుంచి సమాచార మంత్రిగా ఉన్న కేస్కర్ గారు ఆకాశవాణిలో సినిమా పాటలను దాదాపు లేకుండా చేశారు. జనం షార్ట్ వేవ్‌లో సముద్రం దాటి కొలంబోకు వెళ్లిపోయారు. 1957 అక్టోబర్ 3న వివిధభారతి వచ్చేదాకా, వచ్చాక కూడా, ఆ అలవాటు పోలేదు. సిలోనులో తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గారి గొంతు మా వసారాలో మనిషిలాగే మసలేది. పెద్దలు వద్దన్న పాట బయటి నుంచి వచ్చి వాలడం ఇంగ్లండులోనూ జరిగింది. బీబీసీలో ప్లేట్లు ఎంతసేపు ఆడించాలో సంగీతకారుల సంఘంతో ఒప్పందం ఉండేది. 1964 ఈస్టర్ రోజుల్లో రేడియో కరొలైన్ అనే స్టేషన్ సముద్రంలో ఓడ మీంచి ప్రసారం మొదలుపెట్టింది. 1967లో చట్టం తెచ్చి అటువంటివాటిని అణిచారు, ఏడు వారాలు తిరక్కుండా బీబీసీయే రేడియో వన్ తెరవాల్సి వచ్చింది. ఎక్కడైనా సరే, వినాలనుకున్న చెవిని ప్రభుత్వాలు ఎక్కువ కాలం ఆపలేకపోయాయి.

డబ్ల్యూఎల్ఏసీలో నన్ను కట్టిపడేసింది జాన్ ఆర్. ఆయన పూర్తి పేరు జాన్ రిచ్‌బర్గ్. ఆయనా, సాటి డీజేలు జీన్ నోబుల్సూ, హాస్ ఆలెనూ ముగ్గురూ తెల్లవాళ్లు. 1946 ప్రాంతంలో నాష్‌విల్ నల్లజాతి కాలేజీ విద్యార్థులు కొందరు తమ ప్లేట్లు పట్టుకొచ్చి వీటిని ఆడించమని నోబుల్స్‌ను అడిగారు, ఆయన ఆడించారు, అక్కడ మొదలైంది ఈ కథ. జాన్ ఆర్ గొంతు బొంగురుగా, గులకరాళ్ల మీద బండి నడిచినట్టు ఉండేది. ఆయన నల్లవాడేనని శ్రోతల్లో చాలామంది ఏళ్ల తరబడి నమ్మారు. నాకు ఆయన యాస మొదట్లో సగమే తెలిసేది. పాడినవాళ్ల పేరు, లేబుల్ పేరు మాత్రం పాటకు ముందొకసారి, తర్వాతొకసారి విడమర్చి చెప్పేవారు. ఆ పేర్లు నోటుపుస్తకంలో తెలుగు లిపిలో రాసుకునేవాణ్ణి. స్పెల్లింగులు తర్వాత కొట్లలో లేబుళ్లు చూసి దిద్దుకునేవాణ్ణి.

పాటల మధ్య వ్యాపారం కూడా అంతే గట్టిగా సాగేది. కోడిపిల్లలు పోస్టులో పంపుతామనే ప్రకటన, జుట్టుకు రాసుకునే నూనె ప్రకటన, వాటన్నిటికీ మించి ప్లేట్ల కొట్ల ప్రకటనలు. గాలటిన్ ఊరి నుంచి రాండీస్ రికార్డ్ షాప్, నాష్‌విల్ నుంచి ఎర్నీస్ రికార్డ్ మార్ట్. అయిదారు ప్లేట్లు ఒక కట్టగా ఇంత ధర అని చెప్పేవారు, ఉత్తరం ముక్క రాస్తే పోస్టుమాన్ తెచ్చి డబ్బు పుచ్చుకునేవాడు. తమ ఊళ్లో ప్లేట్ల కొట్టు లేని, ఉన్నా లోపలికి గౌరవంగా వెళ్లలేని కుటుంబాలకు ఆ కట్ట ఎంత విలువైనదో ఊహించండి. నా దగ్గరున్న ప్లేట్లలో కొన్ని అలా పోస్టులో వచ్చిన కట్టల్లోవే. దక్షిణాది పల్లెల్లో ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు అమ్మిన సామానుతో నాకు చేరాయి.

పేరు చెప్పడం చిన్న పనేమీ కాదు. 1967 ఆగస్టులో అట్లాంటాలో జరిగిన రేడియో, టీవీ అనౌన్సర్ల సభలో మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడారు. నల్లజాతి రేడియోవాళ్లు లేకపోతే తమ పౌరహక్కుల ఉద్యమం ఇంత దూరం వచ్చేది కాదని వాళ్లకు కృతజ్ఞత చెప్పడం ఆ ప్రసంగంలోని సారం. పేపరు కొనని, కొన్నా చదవలేని ఇళ్లకు వార్త మోసినవాళ్లు వీళ్లే. ఊరేగింపు ఎక్కడో చెప్పిన గొంతే ఆ తర్వాత పాట పేరు చెప్పేది. విన్నవాళ్లకు ఆ రెంటి మధ్యా గీత లేదు.

సోల్ పాట అసలు చర్చి పాట. ఒకరు ఎత్తుకుంటే వెనకవాళ్లు అందుకుంటారు. దేవుణ్ణి పిలిచిన పిలుపునే ప్రేమించిన మనిషి వైపు తిప్పారు. బుర్రకథ విని పెరిగిన చెవికి ఆ ఎత్తుకోలూ, వెనకనుంచి అందుకునే వంతపాటా వెంటనే అర్థమవుతాయి. అర్థమయ్యాక విడిచిపెట్టడం నా వల్ల కాలేదు.

1973లో జాన్ ఆర్ డబ్ల్యూఎల్ఏసీ విడిచిపెట్టారు. స్టేషన్ తీరు మార్చుకుంటోంది, పాటలు ఎంచుకునే హక్కు మైకు ముందున్న మనిషి చేతిలోంచి కార్యాలయం గదిలోకి పోతోంది. దేశమంతటా అదే జరిగింది. నా సేకరణ నిజానికి అప్పుడే మొదలైంది. రాత్రి వచ్చే గొంతు ఆగిపోయాక, నోటుపుస్తకంలోని పేర్లను ప్లేట్ల రూపంలో వెతకడం మొదలుపెట్టాను. మూతపడిన జ్యూక్‌బాక్స్ కంపెనీల గిడ్డంగులు, చర్చి నేలమాళిగల్లో పెట్టే అమ్మకాలు, ముసలివాళ్లు పోయాక ఇంటి ముందు పరిచే సామాన్లు. అట్లాంటాలోనూ బర్మింగ్‌హామ్‌లోనూ నాకు తెలియని వీధి లేదు.

సేకరించేవాళ్లలో ఎక్కువమంది ప్లేటు పరిస్థితిని బట్టి విలువ కడతారు. లేబుల్ మీద సిరా గీత ఉంటే ధర పడిపోతుంది. ఈ లెక్కతో నాకు ఎప్పుడూ పొసగలేదు. ఒక లేబుల్ మీద ఆడపిల్ల పేరు, దాని కింద కొట్టేసిన ఇంకో ఆడపిల్ల పేరు. ఒకదాని మీద స్కూలు డ్యాన్సు తేదీ. ఒకదాని మీద స్టేషన్ లైబ్రరీ ముద్ర, ఆ పక్కన ఎవరో డీజే చేతిరాతతో ఫలానా వైపు ఆడించమని గుర్తు. మచ్చలేని ప్రతి కంటే ఇవే నాకు ఎక్కువ. పాట ఎవరి దగ్గరికి వెళ్లిందో సాక్ష్యం ఇవే చెబుతాయి. రాసి ఉన్న ప్లేటును తుడవడం, కొత్త కవరులో పెట్టి కొత్తదానిలా చూపించడం చరిత్రను చెరిపెయ్యడమేనని నా గట్టి అభిప్రాయం.

ఈ పాటల్ని కాపాడిన ఘనత ఎక్కువగా ఇంగ్లండు ఉత్తర ప్రాంతపు కార్మికుల పిల్లలదని చెప్పకపోతే అన్యాయం. మాంచెస్టర్‌లో ట్విస్టెడ్ వీల్, ఆ తర్వాత విగాన్ పట్టణంలో 1973 నుంచి 1981 దాకా నడిచిన విగాన్ క్యాసినో. మిల్లుల్లో, గనుల్లో వారమంతా పనిచేసిన పిల్లలు శనివారం అర్ధరాత్రి దాటాక అక్కడికి చేరి, మద్యం అమ్మని ఆ హాల్లో తెల్లవార్లూ నాట్యమాడేవారు. వాళ్లకు కావలసింది అమెరికాలో ఆడని పాటలే. లండన్‌లో సోల్ ప్లేట్ల కొట్టు నడిపిన డేవ్ గాడిన్ 1970లో పత్రికలో రాస్తూ దీనికి 'నార్తర్న్ సోల్' అని పేరు పెట్టారు. అక్కడివాళ్లు అమెరికాకు విమానాల్లో వచ్చి, మూతపడిన గిడ్డంగుల్లో దుమ్ము మధ్య కూర్చుని, వేలకొద్దీ ప్లేట్లు ఏరుకుపోయారు. వాళ్లు రాకపోతే ఆ సరుకులో చాలా భాగం చెత్తకుప్పకే పోయేది.

కానీ అక్కడే ఒక అలవాటు పుట్టింది. దాన్ని నేను క్షమించలేను. ఎవరికీ దొరకని పాట తన దగ్గరే ఉండాలని డీజేలు లేబుల్ మీద కాగితం అంటించి, పాడినవాళ్ల పేరు దాచి, మరో పేరు పెట్టి ఆడించేవారు. ఫ్రాంక్ విల్సన్ పాట మొదట ఇంగ్లండులో వందలమంది పాదాలను కదిలించింది ఎడ్డీ ఫాస్టర్ అనే పేరుతో. పన్నెండేళ్లు మరుగున పడిన గొంతు ఎట్టకేలకు జనం మధ్య మోగిన వేళ కూడా దాని పేరు దానికి దక్కలేదు. జాన్ ఆర్ చేసిన పనికి ఇది సరిగ్గా ఎదురు. ఆయన పేరు చెప్పి పాట అమ్మారు, వీళ్లు పేరు దాచి పాటను తమది చేసుకున్నారు.

డారెల్ బ్యాంక్స్ సంగతి నన్ను ఎక్కువ వెంటాడుతుంది. 1966లో డెట్రాయిట్ చిన్న లేబుల్ రివిలాట్ మీద ఆయన పాట 'ఓపెన్ ద డోర్ టు యువర్ హార్ట్' దేశమంతా ఆడింది. అంటే ఆయన ఎవరూ వినని గాయకుడు కాదు. నాలుగేళ్లకు, 1970లో, డెట్రాయిట్‌లో డ్యూటీలో లేని ఒక పోలీసుతో గొడవలో తుపాకి గుండుకు బలయ్యారు. అప్పటికి ముప్ఫై రెండేళ్లు. ఆ పాటను ఇంగ్లండులో ఒక కంపెనీ అచ్చు వేయించి హక్కుల తగాదా వల్ల వెనక్కి తీసుకుంది. ఆ ఇంగ్లండు ప్రతి ఒకటి 2014లో పద్నాలుగు వేల పౌండ్లకు పైగా పలికింది. గాయకుడి సమాధి మీద మాత్రం చాలా ఏళ్లు పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2004లో అభిమానులు చందాలు వేసుకుని ఫలకం పెట్టించారు. ప్లేటు కోసం వేలు పెట్టేవాళ్లనూ, రాయి కోసం పది డాలర్లు పంపేవాళ్లనూ ఈ అభిరుచే తయారుచేసింది. నేను ఎవరి పక్కన నిలబడాలో నాకు తెలుసు.

ఇప్పుడు అసలు విషయం. పాటలు ఎలాగో దొరుకుతున్నాయి, రేడియో దొరకడం లేదు. ఆ రాత్రుల ప్రసారాలను స్టేషన్లు దాచలేదు. టేపు ఖరీదైనది, వాడిందే మళ్లీ వాడేవారు. మిగిలినవి చాలావరకు డీజేలు వేరే ఊళ్లో ఉద్యోగం కోసం పంపుకున్న నమూనా టేపులు. వాటిని ఎయిర్‌చెక్ అంటారు. ఉద్యోగం ఇచ్చేవాడికి కావలసింది గొంతు గనుక, మైకు తెరిచినప్పుడే టేపు తిరిగేలా ఏర్పాటు చేసేవారు, లేదా తర్వాత పాటల్ని కత్తిరించేవారు. అలా మిగిలిన టేపు వింటే ఎలా ఉంటుందంటే, డీజే హుషారుగా ఒక పాట పేరు చెబుతాడు, పాట మొదటి రెండు చరుపులు వినిపిస్తాయి, టక్కున పాట చివర, మళ్లీ ఆయన గొంతు. పాట లేదు. నా గదిలో ప్లేట్లున్నాయి, వాటిలో పాటలున్నాయి, పేరు పెట్టి పిలిచిన గొంతు లేదు. ఒక సగం ఉద్యోగాల ఫైళ్లలోనూ, ఇంకో సగం నాబోటివాళ్ల అరల్లోనూ విడివిడిగా ఉండిపోయాయి. ఈ రెండు సగాలనూ కలిపి ఒక్క రాత్రి ప్రసారమైనా పూర్తిగా వినాలని నా కోరిక. కొన్ని టేపులు సంపాదించి, కత్తిరించిన చోట నా ప్లేట్లలోని పాటను ఉంచి, ఆ గంటను తిరిగి అల్లుతున్నాను. వాతావరణం, కోడిపిల్లలు, నూనె ప్రకటన, ఎక్కడో వరద వార్త, వాటి మధ్య పాట. అలా విన్నప్పుడే ఆ పాట ఎవరి కోసం పుట్టిందో తెలుస్తుంది.

ఇందులో ధర్మం సంగతి కూడా ఉంది. అమెరికాలో ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట మోగితే రాసినవాళ్లకూ, ప్రచురణకర్తకూ డబ్బు వెళుతుంది. పాడినవాళ్లకు చట్టం ప్రకారం ఒక్క సెంటు రాదు. ఈ రోజుకీ అంతే. చాలా దేశాల్లో ఇలా లేదు. 1972కు ముందు రికార్డు చేసిన పాటలకు దేశం మొత్తానికీ వర్తించే రక్షణే లేకుండా ఉండేది. 2018లో చేసిన చట్టం ఆ లోటును కొంత తీర్చింది. అసలు టేపులు పోయినా అడిగేవారు లేకుండా పోయింది. 2008 జూన్ 1న హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోస్‌లో మంటలు లేచి, దాచిన మాస్టర్ టేపులు కాలిపోయాయి. ఆ నష్టం ఎంతటిదన్న చర్చ 2019లో ఒక పత్రిక బయటపెట్టాక గానీ మొదలు కాలేదు. మాస్టర్ పోయిన పాటకు ఎవరో మామూలు మనిషి ఇంట్లో ఉన్న అరిగిన ప్లేటే దిక్కు.

అయినా మంచి పనులు జరుగుతున్నాయి. కొలంబస్‌లో బిల్ మాస్ అనే రేడియో డీజే 1970 ప్రాంతంలో క్యాప్‌సోల్ అనే లేబుల్ పెట్టి కొద్ది ఏళ్లకే మూసేయాల్సి వచ్చింది. షికాగోకు చెందిన న్యూమెరో గ్రూప్ తన తొలి ప్రచురణగా 2004లో ఆ లేబుల్ పాటల్నే మళ్లీ తెచ్చింది, వెనకున్న మనుషుల కథలన్నీ రాసి మరీ. షికాగో గాయకుడు సిల్ జాన్సన్ 1967లో పాడిన 'డిఫరెంట్ స్ట్రోక్స్' ముక్కల్ని హిప్‌హాప్ వాళ్లు లెక్కలేనన్నిసార్లు వాడుకున్నారు. ఆయన తన వాటా కోసం గట్టిగా పోరాడి సాధించుకున్నారు. 2010లో ఆయన పాత పాటలు ఒక పెట్టెగా వచ్చాయి, బతికుండగానే మళ్లీ వేదిక ఎక్కి పాడారు, 2022లో కన్నుమూశారు. బతికుండగా వినిపించడం ముఖ్యం. ఆ తరం గాయకుల్లో మిగిలినవాళ్లు చాలామంది ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉన్నవాళ్లు.

మా ఊళ్లో వంద వాట్ల చిన్న ఎఫ్ఎం స్టేషన్ ఒకటుంది. ఇలాంటివాటికి అమెరికా ప్రభుత్వం లాభాపేక్ష లేని సంస్థలకు లైసెన్సు ఇస్తుంది. నాలుగైదు మైళ్లు దాటి వినపడదు. వారానికొక రాత్రి అందులో నా ప్లేట్లు ఆడిస్తాను. పాటకు ముందు పేరు, తర్వాత పేరు, లేబుల్, ఊరు, ఏడాది, తెలిస్తే వాయించినవాళ్ల పేర్లు కూడా. ఒకసారి ఒక పెద్దావిడ ఫోను చేసి, ఇప్పుడు పాడింది మా మేనమామ, ఆయన పేరు రేడియోలో వినడం ఇదే మొదటిసారి అన్నారు. పాట 1968 నాటిది. ఆ ప్లేటును ఎంతకు అమ్ముతావని నన్ను అంతకు ముందు ఒక సేకర్త అడిగి ఉన్నాడు. ఆవిడకు ఊరికే ఇచ్చేశాను, ఇంట్లో దాని నకలు మాత్రం ఉంచుకున్నాను.

తెలుగు పాఠకులను ఒకటి వేడుకుంటాను. మీ ఇళ్లలో అటకల మీద రేడియో నుంచి ఎక్కించుకున్న పాత క్యాసెట్లు ఉంటాయి. ఆకాశవాణి విజయవాడ నుంచి, హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి, వివిధభారతి నుంచి, సిలోను నుంచి మీ నాన్నగారో, మేనత్తో పాట మొదలవుతుందేమోనని వేలు బటన్ మీద పెట్టుకుని కూర్చుని పట్టినవి. పాటలు ఇప్పుడు ఫోనులో దొరుకుతున్నాయి కదా అని వాటిని పారెయ్యకండి. కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు పాట శుభ్రంగా ఉండాలని ముందూ వెనకా ఉన్న మాటల్ని కత్తిరించకండి. చిత్రం పేరు, రాసినవారు, స్వరపరచినవారు, పాడినవారు అంటూ చదివిన ఆ గొంతు ఇంకెక్కడా లేకపోవచ్చు. క్యాసెట్ మీద ఏ స్టేషన్, ఏ ఊళ్లో పట్టారు, ఏ ఏడాది, చదివింది ఎవరు, మీకు తెలిసినంత వరకు ఈ వారమే రాసిపెట్టండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లకు ఇంకా గుర్తుంది.